పది నిమిషాల ‘గుడ్’

ఆదివారం. పొద్దున్నించి ముసురు. హన్మకొండ చౌరస్తా దాకా కూడా పోలేదు, నిన్న రాత్రి మొదలుపెట్టిన కెర్నల్ బైసెక్ట్‌తోనే సరిపోయింది (లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో బగ్ ఏ మార్పుతో వచ్చిందో సగాలు చేస్తూ వెతకడం).

సంగతేంటంటే, బావ ఫొటో స్టూడియోలో నేను పెట్టిచ్చిన స్టోరేజీ డబ్బా ఒకటుంది, 4 డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా దక్కేలా అన్నిటినీ కలిపే పద్ధతి), పెళ్లి వీడియోలన్నీ అందులోనే. పోయిన వారం కెర్నల్ అప్‌డేట్ చేసినప్పటి నుంచి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో బిగుసుకుపోతోంది. రెయిడ్ థ్రెడ్ ఒక కోరును 100 శాతం తినేస్తుంటుంది, కాపీ చేసే ప్రాసెస్ మాత్రం డి స్టేట్‌లో (డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తూ) పడి ఉంటుంది, కిల్ కొట్టినా లేవదు. లాగ్‌లో మాత్రం ఈ టాస్క్ 120 సెకన్ల పైనే ఆగిపోయి ఉందని ఒక ముక్క. డిస్కుల మీద, కేబుళ్ల మీద అనుమానంతో రెండు రోజులు పోగొట్టాను. డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు శుభ్రంగా ఉంది, అర్రే (డిస్కుల జట్టు) కూడా క్లీన్ అనే చూపిస్తోంది. పాత కెర్నల్‌తో బూట్ చేస్తే ఏ గొడవా లేదు. ‘ఏం బామ్మర్దీ, గా పాతదే ఉంచరాదు?’ అన్నాడు బావ. ఉంచాను. ఆయన పని అయిపోయింది, నా దురదే మిగిలింది.

సొరుగులో పడున్న పాత 500 జీబీ డిస్కులు 4 తీసి ఇంట్లో డెస్క్‌టాప్‌కి తగిలించాను (బావ వీడియోల మీద ప్రయోగాలు చేసేంత ధైర్యం లేదు). బాగున్న వెర్షన్‌కీ చెడ్డదానికీ మధ్య 600 పైచిలుకు కమిట్లు (కోడ్‌లో చేసిన మార్పులు). ప్రతిసారీ సగానికి సగం తెగిపోతాయి కాబట్టి తొమ్మిది, పది కెర్నళ్లు కట్టి, నడిపి చూసి, ఒక్కోదానికి ‘గుడ్’ అనో ‘బ్యాడ్’ అనో చెబితే చాలు. అవసరమైన మాడ్యూళ్లు మాత్రమే పెట్టుకున్నా ఒక్కో బిల్డ్‌కి 25 నిమిషాలు.

తెల్లవారేసరికి దోషి దొరికాడు. చూస్తే అదొక సౌండ్ కార్డు డ్రైవర్ ప్యాచ్! ఆ కార్డు నా మెషీన్‌లో లేనే లేదు.

చాయ్ తాగుతూ బైసెక్ట్ లాగ్ చదివితే అప్పుడు వెలిగింది. నాలుగో కెర్నల్‌కి ‘గుడ్’ కొట్టాను, ఆ తర్వాత ఒక్క గుడ్ కూడా లేదు, వరుసగా అన్నీ బ్యాడే. నాలుగోదాన్ని పది నిమిషాలే నడిపాను, నిద్ర ముంచుకొస్తోంది, హ్యాంగ్ కాలేదు కదా అని గుడ్ అనేశాను. బ్యాడ్ అయితే కళ్లముందే బిగుసుకుంటుంది, అందులో అనుమానం ఉండదు. గుడ్ అనేది మాత్రం ‘ఇంతవరకు ఏం కాలేదు’ అనడమే. నోట్ చేసుకున్నవి చూస్తే ఒకసారి 3 నిమిషాలకు పడింది, ఇంకోసారి 18కి. పది నిమిషాలు ఏ మూలకు?

బైసెక్ట్ లాగ్‌ని ఫైల్‌లో దాచి, నాలుగో కెర్నల్‌కి కొట్టిన గుడ్ నుంచి కిందిదంతా చెరిపేసి, రీప్లే చేసి (మిగిలిన జవాబులే మళ్లీ ఎక్కించి) మళ్లీ మొదలు. ఈసారి గంట నడిస్తేనే గుడ్, అదీ రెండు కాపీలు ఒకేసారి, మధ్యమధ్యలో సింక్ (రాయాల్సిన డేటానంతా డిస్కుల్లోకి నెట్టడం). పాత నాలుగోది 16వ నిమిషంలో బిగుసుకుంది. ఎగిరి గంతేశాను. అమ్మ సర్వపిండి గంజులో అద్ది, వేలితో బొక్కలు పెడుతూ, ‘కరాబైతే నవ్వుతవేందిరా?’ అంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది, బిల్డ్ సగంలో ఉంది. వచ్చాక మేక్ (బిల్డ్ కమాండ్) మళ్లీ కొడితే ఆగిన చోటు నుంచే అందుకుంది, అదొక్కటే అదృష్టం.

ఒక రకంగా బిగుసుకుపోయే బగ్ నయమే. 2014లో వచ్చిన 3.14 కెర్నల్‌లో రెయిడ్ 0 లేఅవుట్ (డేటాను డిస్కులకు పంచే తీరు) పొరపాటున మారింది, వేర్వేరు సైజుల డిస్కులున్న అర్రేల్లో మాత్రమే. 2019 దాకా దాని సంగతి తేలలేదు. అక్కడ హ్యాంగూ లేదు పాడూ లేదు, వెర్షన్ మారిస్తే డేటానే తప్పుగా చదువుకుంటుంది. అలాంటిది బావ డబ్బాలో వచ్చుంటే ఎవరి పెళ్లి ఎవరి ఆల్బమ్‌లో తేలేదో.

రాత్రి 9 దాటాక దొరికింది, ఈసారి రెయిడ్ 5 కోడ్‌లోనే. చిన్న ప్యాచ్, ఇంకేదో హ్యాంగ్‌ను పోగొట్టడానికి వేసిందే. లేటెస్ట్ కెర్నల్‌లో ఆ ఒక్కదాన్ని వెనక్కి తీసి కట్టాను, గంటా నలభై నిమిషాల నుంచి నడుస్తోంది. తెల్లారేదాకా నడవనిచ్చి అప్పుడు రిపోర్టు రాస్తా. సర్వపిండి చల్లారిపోయింది, అయినా కరకరలాడుతోంది.