భుజం ఆపరేషన్ తర్వాత రైఫిల్ మార్చిన కథ, ఆరో నెల వరకు

కుడి భుజం రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు, నరాల కట్టు) కుట్టించుకొని ఆరు నెల్లు దాటింది. మొదటి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే, చొక్కా గుండీలు కూడా మా ఇంటామె పెట్టాల్సొచ్చింది, తర్వాత ఫిజియో. మూడో నెల్లో డాక్టర్‌ని అడిగినా, మళ్ళా తుపాకి కాల్చొచ్చా సార్ అని. కాల్చేది తర్వాత, ముందు ఎత్తేది చూద్దాం అన్నాడు. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

ఇంట్లో ఉండేది నాయన కాలం నాటి 12 బోర్ డబుల్ బ్యారెల్, సిద్ధవటం దగ్గర మా శనక్కాయ చేనికి అడవి పందులు పడతాయని పంట కాపలాకి లైసెన్స్ తీసుకున్నది, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పజెప్పి మళ్ళా తెచ్చుకునేది. దాని కిక్, అంటే కాల్చినప్పుడు భుజానికి వెనక్కి తన్నేది, మామూలుది కాదు. రవ్వల బరువు, వేగం, తుపాకి బరువు పెట్టి లెక్కేస్తే సుమారు 30 జౌళ్ళు (శక్తి కొలత) వస్తాది. అదే చిన్న తూటా .22 రైఫిల్‌కి లెక్కేస్తే పావు జౌల్ కూడా రాదు. తుపాకి వెనక కట్టె, అంటే బట్, ఆనేది సరిగ్గా నా కుట్లు ఉండే చోటే కాబట్టి 12 బోర్ ఇంక నాకొద్దని అప్పుడే తీర్మానం చేసుకున్నా.

టెక్సస్‌లో ఉండే మా బామ్మర్ది అక్కడ లైసెన్స్ తీసుకొని జింకల వేటకి పోతాడు, ఆయప్ప .30-06 లాంటి పెద్ద తూటా రైఫిల్ వద్దు, చిన్న తూటాది .243 కొనుక్కో బావా, కిక్ సగం కూడా ఉండదు అన్నాడు. లెక్క కరెక్టే, ఒకటి 27 జౌళ్ళ దాపు, ఇంకోటి 12. కానీ మన దగ్గర 1972 వన్యప్రాణుల చట్టం కింద వేటే బంద్, నాకు కావాల్సింది కాగితం మీద గురి, దానికి అంత తూటా దేనికి?

గాలితో గుండు కాల్చే ఎయిర్ రైఫిల్ చాలనుకున్నా. 4.5 ఎంఎం, 20 జౌళ్ళ లోపు అయితే లైసెన్స్ అక్కర్లేదు. నాలుగో నెల్లో స్నేహితుని స్ప్రింగ్ రైఫిల్ తెచ్చి చూసినా, అక్కడ దెబ్బ తిన్నా. కిక్ లేదు గానీ ప్రతి గుండుకీ బ్యారెల్ కిందికి వంచి స్ప్రింగ్ ఎక్కించాల, దానికి పది పదిహేను కేజీల బలం కావాల, ఎనిమిది గుండ్లకే భుజం లోపల సూదులు పొడిచినట్టయి రాత్రంతా ఐస్ పెట్టుకొని కూర్చున్నా. భుజం ఆపరేషన్ అయినోళ్ళు ఎవరైనా కిక్ ఒక్కటే చూసి స్ప్రింగ్ గన్ కొనొద్దండి, దయచేసి.

ఐదో నెల్లో పీసీపీ అనే ఇంకో రకం ఎయిర్ రైఫిల్ తీసుకున్నా. ముందే నింపిన గాలితో కాలుస్తాది, ప్రతిసారీ లాగే పని లేదు, చిన్న బోల్ట్ తిప్పితే చాలు. గాలి 200 బార్ ఒత్తిడి దాకా నింపాల, చేతి పంపు అంటే రెండు భుజాలకీ శిక్షే, అందుకే ఆ పని మా అక్క కొడుకు చేస్తాండాడు, వాడు లేకుంటే సిలిండర్ కొనాల్సిందే. బరువు మూడున్నర కేజీలు. తుపాకి బరువుంటే కిక్ తగ్గుతాది, అదే తూటాకి బరువు రెట్టింపైతే కిక్ సగమే, కానీ ఆ బరువు మోసేది కూడా ఇదే భుజం కదా. నిలబడి ఎత్తలేను. టేబుల్ మీద ఇసుక సంచి పెట్టి ముందు భాగం దానికి ఆనిస్తాను, బట్ భుజానికి ఊరికే తగిలిస్తాను, నొక్కను. వెనక వైపు కాంపౌండ్ గోడ, దాని ముందు ఇసుక నింపిన పెట్టె, ఆ పొద్దు పిల్లోళ్ళెవరూ ఆ పక్కకి రారు.

పది మీటర్ల టార్గెట్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరే. పోయిన ఆదివారం 30 గుండ్లు కాలిస్తే చివరి పది రూపాయి బిళ్ళంత చోట పడినాయి, ఎంత సంతోషమైందో చెప్పలేను. నొప్పి 25 గుండ్ల దగ్గర మొదలైంది. ఈ వారం 20తో ఆపుతా, గుండుకి గుండుకి మధ్య నిమిషం గ్యాప్ ఇస్తా. బట్ ఒక అంగుళం తగ్గిస్తే చెయ్యి తక్కువ చాపాల్సి వస్తాదని ఫిజియో ఆయన చెప్పినాడు, వడ్లాయనకి కొలతలిచ్చినా.