రమాంగ్ షీట్: 1956, 1957 పూర్తయ్యాయి

ఇండోనేషియా సెంటర్ ఫార్వర్డ్ రమాంగ్ ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తున్నాను. తేదీ, ఊరు, ప్రత్యర్థి, స్కోరు, అతని గోల్స్, ఆధారం అని ఆరు కాలమ్‌లు. రెండు వేర్వేరు పత్రికలు ఒకే మాట చెబితే ఆ వరసకు ఆకుపచ్చ రంగు, ఒక్కటే దొరికితే పసుపు. విని రాసినవి షీట్‌లోకి రావు, పక్కన నోట్స్‌లో ఉంటాయి.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌తో మొదలుపెట్టాను. 1956 నవంబర్ 29న క్వార్టర్ ఫైనల్లో సోవియట్ యూనియన్‌ను ఇండోనేషియా అదనపు సమయం దాకా 0-0తో ఆపింది. అవతల గోల్‌కీపర్ లెవ్ యాషిన్. అప్పటికి పెనాల్టీ షూటౌట్లు లేవు కాబట్టి డిసెంబర్ 1న మళ్లీ ఆడారు, సోవియట్ జట్టు 4-0తో గెలిచింది. గోల్ కొట్టబోతుంటే తన చొక్కా పట్టి లాగారని రమాంగ్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాట నోట్స్‌లో ఉంది.

రమాంగ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈ చొక్కా దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు రమాంగ్ 1957లో కనిపిస్తాడు. మే 12న జకార్తాలో ప్రపంచకప్ క్వాలిఫయర్, చైనాపై 2-0, రెండు గోల్సూ అతనివే. జూన్ 2న బీజింగ్‌లో 3-4తో ఓటమి, చెరొకటి గెలవడంతో జూన్ 23న రంగూన్‌లో మూడో మ్యాచ్, 0-0. మూడు మ్యాచ్‌లూ కలిపితే 5-4. ఆ ఒక్క గోల్ తేడాతోనే ఇండోనేషియా ముందుకెళ్లింది. జకార్తా గోల్స్‌లో ఒక్కటి తగ్గినా లెక్క మారిపోయేది! తర్వాత ఇజ్రాయెల్‌తో ఆడాల్సి వచ్చింది. తటస్థ వేదిక కావాలని ఇండోనేషియా అడిగితే ఫిఫా ఒప్పుకోలేదు, జట్టు తప్పుకుంది. స్వీడన్‌లో జరిగే 1958 ప్రపంచకప్ దారి మూసుకుపోయింది. ఈ వరస నింపుతుంటే నాకు నిజంగా బాధేసింది.

ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. ఆస్ట్రేలియా పాత పత్రికల కోసం ట్రోవ్ సైట్ ఉచితం. మెల్‌బోర్న్ పత్రిక ఆర్గస్ 1957 జనవరిలో మూతపడింది కాబట్టి ఒలింపిక్స్ వరకు అందులో దొరుకుతుంది. అక్కడ ఫుట్‌బాల్ అని వెతికితే వాళ్ల సొంత ఆటే వస్తుంది, సాకర్ అని కొట్టాలి. ఇండోనేషియాలో వచ్చిన డచ్ పత్రికలకు డెల్ఫర్ సైట్ బాగుంటుంది, కానీ అవి 1957 చివరితో ఆగిపోతాయి. ఆ తర్వాతి ఏళ్లకు సింగపూర్ జాతీయ గ్రంథాలయం పత్రికల సైటే దిక్కు. ఇండోనేషియా స్పెల్లింగ్ 1972లో మారింది. పాత పేజీల్లో జకార్తా మొదట్లో 'డి' అక్షరం ఉంటుంది, అది పెట్టకపోతే సగం ఫలితాలు రావు.

మన దేశంతో ముడిపడిన వరస ఒకటుంది: 1954 మనీలా ఆసియా క్రీడల్లో ఇండోనేషియా 4, భారత్ 0. అప్పటి స్కోరర్ల పేర్లు రెండు పత్రికల్లో సరిపోలే దాకా గోల్స్ గడి ఖాళీగానే ఉంచుతాను. మెల్‌బోర్న్‌లో హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు నాలుగో స్థానం తెచ్చుకున్నది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే.

జీవితం పేజీ ఇప్పటికి చిన్నదే. దక్షిణ సులవేసిలోని బర్రు అతని సొంతూరు. సెపక్ తక్రా (బెత్తంతో అల్లిన బంతిని కాళ్లతో గాల్లో కొట్టే ఆట) ఆడుతూ పెరిగాడు. గాల్లో వెనక్కి ఒరిగి కొట్టే అతని కిక్‌కి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. మకస్సర్‌లో రిక్షా తొక్కాడు, లారీ మీద క్లీనర్‌గా చేశాడు. 1987లో పేదరికంలోనే పోయాడు.

తర్వాత క్లబ్ మ్యాచ్‌లు. అతని క్లబ్ పీఎస్ఎమ్ మకస్సర్ 1957లోనూ 1959లోనూ జాతీయ చాంపియన్, ముందు 1957 ఫలితాలు పట్టుకుంటాను.