కాగితాన్ని చూడు, కథను కాదు

"నువ్వు కాగితాన్ని చూడ్డం లేదు, కథ చదువుకుంటున్నావ్." ఈ పరాయి దేశంలో నేను పనిచేసే, ఫ్రేములు కట్టే వర్క్‌షాప్‌లో పెద్దాయన అన్న మాట ఇది. కసురుకోలేదు, మామూలుగానే అన్నాడు. ఇక్కడివాళ్ళు మామూలుగా అన్నవే మనకి ఎక్కువ గుచ్చుకుంటాయి.

బల్ల మీద తెరిచి ఉన్నది ఇంగ్లిష్ చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రోసెట్టి 1858లో వేసిన నీటిరంగుల బొమ్మకి నకలు, 'మరియ యోహాను ఇంట'. అసలుది అమెరికాలో డెలవేర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. శిలువ అయిపోయింది. కొడుకు యేసు పోతూ పోతూ తల్లి మరియని శిష్యుడు యోహానుకి అప్పగించాడు. శిలువ మీద పలికాడని గుడ్ ఫ్రైడేనాడు తలుచుకునే ఏడు మాటల్లో మూడోది, చర్చిల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇది ఆ తర్వాత ఒక సాయంత్రం. మరియ నూలు వడకడం ఆపి లేచి కిటికీలో వేలాడే దీపంలో నూనె పోస్తోంది. యోహాను రాసుకుంటున్నది ఆపి చెకుముకి కొడుతున్నాడు. కిటికీ కమ్మీలు శిలువలా అడ్డం పడ్డాయి, వాటి వెనక చీకటి పడుతున్న యెరూషలేము.

ఏడ్చేవాళ్ళు లేరు, గుండెలు బాదుకునేవాళ్ళు లేరు. అందుకే ఇందులో దుఃఖం ఎక్కడుందని ఇక్కడివాళ్ళు అడుగుతారు. మనకి ఆ ప్రశ్నే రాదు. మనిషిని తీసుకెళ్ళాక ఆ చోట ఏం పెడతాం? పదకొండో రోజు దాకా ఏది కొండెక్కకుండా చూస్తాం? అసురసంధ్య వేళ ఇల్లు చీకటిగా ఉండకూడదని ఆ తల్లి లేచిందంటే అంతకన్నా ఏం వెయ్యాలి? విలియం డైస్ అనే చిత్రకారుడు ఇదే ఇద్దరినీ సమాధి దగ్గర నుంచి నడిచి వస్తుండగా తైలవర్ణంలో వేశాడు, లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. అది అందరికీ దుఃఖంలా కనిపిస్తుంది. నాకు రోసెట్టిదే బరువు.

అయితే పెద్దాయన మాట వృత్తిలో తప్పు కాదు. మా పనిలో ముందు చూడాల్సింది కాగితం. రోసెట్టి ఆ రోజుల్లో నీళ్ళు తక్కువ పోసి, దాదాపు పొడి కుంచెతో, చిన్న చిన్న గీతల్ని పొరలు పొరలుగా వేసేవాడు. ముదురు రంగులకి గమ్ అరబిక్ అనే తుమ్మజిగురు కలిపేవాడు, వెలుగు కావలసిన చోట గీకేవాడు. ఆ జిగురే చిక్కు. తేమ ఎక్కితే మెత్తబడుతుంది, అద్దానికి తగిలితే పట్టుకుంటుంది. అందుకే అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉండి తీరాలి. వెనక వేసే అట్టా, ముందు బొమ్మ కనిపించేలా కిటికీలా కోసిన అట్టా పూర్తిగా నూలు గుజ్జువి కావాలి. చెక్కగుజ్జు అట్ట వేస్తే కొన్నేళ్ళకి దాని ఆమ్లం ఎక్కి, కిటికీలా కోసిన అట్ట అంచు వెంబడే కాగితం మీద గోధుమరంగు గీత పడుతుంది. బొమ్మని పైన రెండే చోట్ల, జపాన్ కాగితపు పట్టీలతో, గోధుమ గంజి జిగురుతో అంటించాలి. నాలుగు పక్కలా అంటిస్తే, కాగితం తేమకి సాగి ముడుచుకున్నప్పుడల్లా అలలు లేస్తాయి. సెల్లో టేపు మాట ఎత్తొద్దు. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంచుతారు, 65 దాటితే బూజు భయం.

ఇక వెలుతురు. 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత), అంతకు మించి వద్దంటారు. అదీ కొన్ని నెలలే, తర్వాత చీకటి పెట్టెలోకి. రోజుకి 8 గంటల చొప్పున 90 రోజులంటే 36,000 లక్స్ గంటలు. కొన్ని ఎరుపులు, ఇండిగో వెలుతురుకి తట్టుకోలేవు, పోయిన రంగు తిరిగి రాదు. ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 1888లోనే రసెల్, అబ్నీ అనే ఇద్దరు ఇంగ్లండులో నీటిరంగుల్ని ఎండకి పెట్టి పరీక్షించి నివేదిక ఇచ్చారు. గాలీ తేమా లేని గొట్టాల్లో పెట్టిన రంగులు చాలావరకు నిలిచాయి. అంటే వెలుతురు ఒక్కటే దొంగ కాదు, తేమ తోడుదొంగ.

దీపం పెట్టే బొమ్మని చీకట్లో దాచడమే ఇక్కడ గౌరవం. ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పలేను.

ఎందుకంటే మన ఇళ్ళల్లో గోడ మీద పోయినవాళ్ళ ఫొటో ఉంటుంది, దండ ఉంటుంది, కింద ఎర్ర జీరో బల్బు పగలూ రాత్రీ వెలుగుతుంది. దాని వెలుతురు 20 లక్స్ అనుకున్నా, ఏడాదికి 8,760 గంటలు లెక్కేస్తే 1,75,200. పైన చెప్పిన ప్రదర్శనకి దాదాపు ఐదు రెట్లు, ఒక్క ఏడాదిలో. రంగు ఫొటో అయితే పాలిపోకుండా ఎలా ఉంటుంది? కోస్తా తేమకి ఫొటో మీది జెలటిన్ పొర ఉబ్బి, ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది కూడా. బంధువులెవరో కొత్త ఫ్రేము కట్టిద్దామని లాగుతారు, ముఖం సగం అద్దానికే ఉండిపోతుంది. మనవాళ్ళకి జాగ్రత్త తెలియదని కాదు. మన దగ్గర ఫొటో దాచుకునే వస్తువు కాదు, ఎదుట కూర్చున్న మనిషి. మనిషిని 90 రోజులు కూర్చోబెట్టి తర్వాత పెట్టెలో పెడతామా?

అతుక్కున్న ఫొటో ఉంటే మాత్రం లాగకండి. నీళ్ళు పొయ్యకండి, వేడి చూపకండి. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి, కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి, నకలు తీయించి గోడకి పెట్టండి. అసలుదాన్ని అద్దంతోనే ఆమ్లం లేని కాగితంలో చుట్టి, బీరువాలో బల్లపరుపుగా ఉంచండి. బయటి గోడకి ఆనుకున్న అరలో వద్దు, చెమ్మ దిగుతుంది. బల్బు నకలు దగ్గర ఎంతసేపు వెలిగినా ఫరవాలేదు, పాలిపోతే ఇంకోటి తీయించొచ్చు.

అసలు బీరువాలో ఉండగా నకలుకి దండ వెయ్యమంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో, అది మాత్రం మీరే మాట్లాడుకోవాలి.