స్వధ అనే మాటకు నమస్కారం

దేవతాభ్యః పితృభ్యశ్చ మహాయోగిభ్య ఏవ చ
నమః స్వధాయై స్వాహాయై నిత్యమేవ నమో నమః

మంత్రాలతో తద్దినం పెట్టేవాళ్లు ఈ శ్లోకం చదువుతారు. మూడుసార్లు చెప్పిస్తారు. దేవతలకు, పితృదేవతలకు, మహాయోగులకు నమస్కారం. అక్కడితో ఆగదు. స్వధకు, స్వాహాకు కూడా నమస్కారం అంటుంది. ఆ రెండూ మనం ఇచ్చేటప్పుడు పలికే మాటలు. దేవతలకు అగ్నిలో వేసేటప్పుడు స్వాహా, పెద్దలకు నువ్వులు నీళ్లు వదిలేటప్పుడు స్వధా. పురాణాల్లో ఆ ఇద్దరూ దేవతలే. స్వాహాదేవి అగ్నిహోత్రుడి భార్య, స్వధాదేవి పితృదేవతల భార్య. మనం ఇచ్చినదాన్ని అవతలి ఒడ్డుకు చేర్చేది ఆ మాటే కాబట్టి, ముందు మాటకు దణ్ణం పెట్టుకోవాలి.

నాన్న పోయిన ఏడాది నాకు ఈ మాటల్లో ఒక్కటీ తెలియదు. పురోహితుడు గారు చెప్పమన్నది చెప్పాను, తిప్పమన్నప్పుడు జంధ్యం తిప్పాను. ఆ తర్వాత ఏడాదికి ఒకటో రెండో మాటలు ఆయన్నే అడిగి తెలుసుకుంటూ వచ్చాను. పెద్దలకు కేటాయించిన మహాలయ పక్షం వచ్చింది కదా, నాకు తెలిసినంత వరకు రాయాలనిపించింది.

మొట్టమొదట నన్ను గుచ్చుకున్న మాట ప్రేత. మొదటి పది రోజులూ నాన్న గోత్రం, పేరు చెప్పి, పక్కన ప్రేత అని పలికించారు. మనకు ఆ మాట వింటే సినిమాల్లో దెయ్యమే గుర్తొస్తుంది. నాలుగో రోజున ఉండబట్టలేక, "మా నాన్నని అలా అనాలా అండీ?" అని అడిగేశాను. ఆయన చేతిలో దర్భ పక్కన పెట్టి చెప్పారు. "ప్ర, ఇత. ముందుకు వెళ్లినవాడు అని అర్థం బాబూ. ఇల్లు విడిచి బయల్దేరారు, ఇంకా చేరలేదు. అంతే." ఆ పది రోజుల పిండాలతో వెళ్లేవారికి దారిలో అవసరమైన శరీరం ఒక్కో భాగంగా ఏర్పడుతుందని గరుడపురాణం చెబుతుంది. ఊరికి బయల్దేరే మనిషికి మనం అన్నం మూట కట్టి ఇస్తాం కదా, ఆ పది రోజులూ నాకు అలాగే కనిపించాయి. ఆ రోజు నుంచి ప్రేత అని పలకడానికి నా నోరు తడబడలేదు.

పన్నెండో రోజు సపిండీకరణం. మా ఇంట్లో పుట్టుక దగ్గర్నుంచి పెళ్లి దాకా ఎన్నో చూశాను గానీ, ఇంత పెద్ద విషయం ఇంత నిశ్శబ్దంగా జరగడం ఇంకెక్కడా చూడలేదు. నాన్న కోసం పెట్టిన పిండాన్ని మూడు భాగాలు చేసి, తాతగారి పిండంలో ఒకటి, ముత్తాతగారి పిండంలో ఒకటి, ఆయన తండ్రిగారి పిండంలో ఒకటి కలిపిస్తారు. అన్నం ముద్దలో అన్నం ముద్ద కలిసిపోతే ఏది ఎవరిదో చెప్పలేం. ఆ క్షణంతో ప్రేత అనే మాట అయిపోయింది. అక్కడి నుంచి నాన్న పితృదేవత. సంకల్పంలో వీళ్లని దేవతా గణాల పేర్లతో తలుస్తారు: నాన్న వసురూపులు, తాతగారు రుద్రరూపులు, ముత్తాతగారు ఆదిత్యరూపులు.

పిండం అందేది ఆ ముగ్గురికే. మరి ముత్తాతగారి తండ్రి ఏమైనట్టు? నాన్న వచ్చి కూర్చోవడానికి ఆయన లేచి చోటిచ్చారు. అయినా ఆయన్ని ఎవరూ మర్చిపోలేదు. పిండాలు పెట్టాక చేతికి అంటుకున్న మెతుకుల తడిని దర్భలకు తుడుస్తాం చూడండి, ఆ తడి ఆయనకూ, ఆయన పైన ఇంకో ఇద్దరికీ. వాళ్లని లేపభాగులు అంటారు, చేతికి అంటిన దానిలో వాటా ఉన్నవాళ్లు అని. మా ముత్తాతగారి తండ్రి పేరు నేను కష్టపడి కనుక్కున్నాను. ఆ పై ఇద్దరి పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. పేరు తెలియకపోయినా నా అరచేతి తడి వాళ్లకు చేరుతుందని తెలిసిన రోజు, చెయ్యి తుడుచుకోవడం అనే చిన్న పని నాకు చాలా పెద్దదైపోయింది.

చెయ్యి అంటే గుర్తొచ్చింది. అరచేతిలో కూడా తీర్థాలున్నాయి. వేళ్ల కొసలు దేవతీర్థం. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పితృతీర్థం. తర్పణం నీళ్లు ఆ మధ్య నుంచే, దక్షిణం వైపు తిరిగి వదలాలి. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకార్యంలో కుడి భుజం మీదికి మారిస్తే అపసవ్యం. మనం రోజూ ఉండే తీరు ఒకటి, వాళ్ల వైపు తిరిగినప్పటి తీరు ఒకటి.

నాకు బాగా తగిలిన మాట ఇంకొకటి ఉంది, అత్వర. దాన్ని నేను తప్పు చేసి నేర్చుకున్నాను. రెండో ఏడు తద్దినం నాడు ఆఫీసులో మధ్యాహ్నం ఒక మీటింగ్ ఉంది. సెలవు పెట్టాను, అయినా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. టెన్షన్ పడిపోయి, "కాస్త తొందరగా కానిద్దామా అండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. మంత్రం ఆపి, మనుస్మృతి మూడో అధ్యాయంలోని శ్లోకం ఒకటి చాలా నెమ్మదిగా చదివారు.

త్రీణి శ్రాద్ధే పవిత్రాణి దౌహిత్రః కుతపస్తిలాః
త్రీణి చాత్ర ప్రశంసంతి శౌచమక్రోధమత్వరామ్

శ్రాద్ధంలో పవిత్రమైనవి మూడు: కూతురి కొడుకు, కుతపకాలం, నువ్వులు. మెచ్చుకోదగ్గవి మూడు: శుభ్రంగా ఉండడం, కోపం లేకపోవడం, తొందర లేకపోవడం. పగటిని 15 ముహూర్తాలుగా లెక్కిస్తే ఎనిమిదోది కుతపం. ఆరింటికి సూర్యోదయం అనుకుంటే 11.36 నుంచి 12.24 వరకు. సరిగ్గా ఆ వేళకే నా మీటింగ్. ఫోన్ ఆపేసి అమ్మ చేతికిచ్చాను. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయనతో ఏ మాటైనా తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూనే మాట్లాడాను. కనీసం ఏడాదికి ఒక్క రోజైనా తొందర లేకుండా కూర్చోమని ఆ శ్లోకం అడుగుతోంది.

తద్దినం భోజనానికి పిలిచినవాళ్లని భోక్తలు అంటారు. వాళ్లలో ఒకరు విశ్వేదేవులనే దేవతల స్థానంలో, ఒకరు పితృస్థానంలో కూర్చుంటారు. కాళ్లు కడిగి విస్తరి వేస్తాం. అరటికాయ కూర, కంద, నువ్వుల పచ్చడి, గారెలు. భోజనం అయ్యాక కర్త, అంటే తద్దినం పెట్టేవాడు, అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తృప్తాః స్థ? తృప్తి కలిగిందా? వాళ్లు బదులిస్తారు. తృప్తాః స్మః. కలిగింది. తర్పణం అనే మాట కూడా ఆ తృప్తి లోంచి వచ్చిందే.

పోయినవారి ఆత్మతో మాట్లాడిస్తామని, ఏం కావాలో అడిగిపెడతామని చెప్పేవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. పితృదోషం ఉందని భయపెట్టి వేలకు వేలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట వినేవాళ్ల దుఃఖం నాకు తెలుసు, అందుకే ఆ వినేవాళ్లని ఏమీ అనను. కానీ మన పెద్దలు మనకు అప్పగించిన ప్రశ్న కడుపు నిండిందా అన్నదే. ఆస్తి కాగితాలు ఎక్కడ పెట్టావని గానీ, నా పెళ్లెప్పుడని గానీ ఎక్కడా లేదు. వరం అడిగే చోట కూడా చూడండి: "శ్రద్ధా చ నో మా వ్యగమత్, బహుదేయం చ నోఽస్తు." మాలోంచి శ్రద్ధ పోకుండా ఉండాలి, ఇవ్వడానికి మా దగ్గర బోలెడు ఉండాలి. బోలెడు రావాలని కాదు, ఇవ్వడానికి ఉండాలని. తర్వాత పితృదేవతలని సాదరంగా సాగనంపుతాం. పిలిచినవారిని పంపించడం కూడా కర్మలో భాగమే. నాన్న ఇక్కడే ఉండిపోవాలని మొదటి రెండేళ్లు నాకు అనిపించేది. ఇప్పుడు ఆ ఘట్టం వచ్చినప్పుడు వెంట నాలుగడుగులు వేసి నమస్కారం చేస్తాను.

ఇదంతా మంత్రాలతో చేసేవాళ్ల సంగతే అనుకోకండి. తెలంగాణలో పెత్రామాస, అంటే మహాలయ అమావాస్య నాడు పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పెద్దలకు పెట్టుకుని, సాయంత్రం పూలు పేర్చడం నాకు ఎంతో నచ్చుతుంది. కోస్తాలో సంక్రాంతికి పెద్దల పటాల ముందు కొత్త బట్టలు పెట్టి నైవేద్యం పెడతారు. అక్కడ స్వధ అనే మాట వినిపించకపోవచ్చు. పెద్దలకు పెట్టుకోవడం అనే తెలుగు మాట ఆ పని చేస్తుంది. గయకు వెళ్లలేనివాళ్లకు పిఠాపురంలో పాదగయ ఉంది. గయాసురుడి తల గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో అని చెబుతారు. నాన్న పోయిన మూడో ఏడు అక్కడ కుక్కుటేశ్వర స్వామి గుడి కోనేటి దగ్గర పిండాలు పెట్టాను.

మహాలయంలో ఇంకో మెత్తని మాట ఉంది, కారుణ్య పితృలు. పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, గురువులు, స్నేహితులు, వీళ్లందరికీ పేరుపేరునా నీళ్లు వదలవచ్చు. మా మేనత్తకు పిల్లలు లేరు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. మా పురోహితుడు గారు అడిగేవరకు ఆవిడకూ తర్పణం ఇవ్వొచ్చని నాకు తెలియదు. చివర్లో ఎవరూ లేనివారికి, పేరు చెప్పేవాళ్లే మిగలనివారికి కూడా ఒక దోసెడు ఉంది: "తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః." నేను వదిలిన ఈ దర్భనీళ్లతో వాళ్లందరికీ తృప్తి కలగాలి.

భోక్తలు లేవబోయే ముందు ఇంకో మాట అడుగుతాం. మిగిలిన అన్నం ఏం చేయమంటారు అని. దానికి వాళ్ల జవాబు: ఇష్టైః సహ భుజ్యతామ్. నీకు ఇష్టమైనవాళ్లతో కలిసి తిను. అందుకే ఆ రోజు మా ఇంట్లో ఎవరూ విడిగా తినరు. మూడు దాటాక అందరం వరసగా నేల మీద కూర్చుంటాం. పోయినేడు అమ్మ అందరికీ వడ్డించి, నా విస్తట్లో అడక్కుండానే ఇంకో గారె వేసి, "సరిపోయిందా నాన్నా?" అని అడిగింది.