రెండో పోగులో వెతకలేదు

హరగోవింద్ ఖొరానా బృందం 1970లో 77 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) ఈస్ట్ జన్యువు ఒక్కదాన్ని ప్రయోగశాలలో కట్టడానికి ఏళ్ల తరబడి కష్టపడింది. నేను 900 జతల డీఎన్ఏ సీక్వెన్స్, అంటే అక్షరాల వరస, టైప్ చేసి ఆర్డర్ పెడితే ఆ డీఎన్ఏ ముక్క కొన్ని రోజుల్లో ట్యూబులో వచ్చేసింది. ఇది నాకు ఇప్పటికీ అద్భుతమే.

ట్యూబులో కంటికి ఏమీ ఆనదు. ఖాళీది పంపారేమో అనిపిస్తుంది. అలాగని మూత తీసేయకండి. ఆరిన డీఎన్ఏ మూతకు అంటుకుని ఉండొచ్చు. ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగుకు దించాలి, ఆ తర్వాతే బఫర్ పోయాలి.

నేను చేస్తున్నది గోల్డెన్ గేట్, అంటే డీఎన్ఏ ముక్కలను కోసి వరసగా అతికించే పద్ధతి. బీఎస్ఏ వన్ అనే ఎంజైము జీజీటీసీటీసీ అన్న ఆరు అక్షరాలను గుర్తుపట్టి, వాటికి కాస్త అవతల కోస్తుంది. నాలుగు అక్షరాల కొసలు మిగులుతాయి. ఆ కొసలు మనం అనుకున్న వరసలోనే అతుక్కుంటాయి. షరతు ఒక్కటే, ముక్క మధ్యలో ఆ ఆరు అక్షరాలు ఉండకూడదు. ఆర్డర్ చేసే ముందు వెతికాను, లేవు.

అతికించిన డీఎన్ఏను బ్యాక్టీరియాలోకి ఎక్కించి పెంచితే ప్లేటు మీద అయిదే కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు), అయిదూ తప్పే. కొసలను అతికించే ఎంజైము లైగేజ్‌ను మార్చాను, డీఎన్ఏను లోపలికి తీసుకునే కాంపిటెంట్ సెల్స్ కొత్తవి వాడాను. రెండు వారాలు ఒకటే టెన్షన్. చివరికి ఆ ముక్కనొక్కదాన్నే బీఎస్ఏ వన్‌తో కోసి, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపాను. 900 దగ్గర ఒక్క బ్యాండ్ ఉండాల్సింది, 600 దగ్గర ఒకటి, 300 దగ్గర ఒకటి కనిపించాయి. గుండె జారిపోయింది.

డీఎన్ఏకి రెండు పోగులు. ఎంజైము గుర్తుపట్టే ఆ ఆరు అక్షరాల చోటు, అంటే సైటు, ఎదుటి పోగులో ఉంది. ఎదుటి పోగు జత అక్షరాలతో, ఎదురు దిశలో నడుస్తుంది కాబట్టి నా ఫైల్లో అది జీఏజీఏసీసీ అని కనిపిస్తుంది. నేను ఏళ్లుగా వాడిన ఈకోఆర్ వన్ అనే మరో ఎంజైము సైటు జీఏఏటీటీసీ. అది రెండు పోగుల్లోనూ ఒకేలా చదువుతుంది కాబట్టి ఒక్కసారి వెతికితే చాలు. బీఎస్ఏ వన్ సైటు అలా కాదు, రెండు రకాలుగానూ వెతకాలి. ఆ పాత అలవాటే నన్ను దెబ్బతీసింది.

సరిచేయడానికి ఒక్క అక్షరం సరిపోయింది. జీఏజీని జీఏఏ చేశాను. రెండూ గ్లుటామిక్ యాసిడ్ అనే అమైనో ఆమ్లానికి కోడాన్లే (మూడక్షరాల సంకేతాలే), పైగా ఈ.కోలై బ్యాక్టీరియాలో జీఏఏనే ఎక్కువగా వాడకంలో ఉంది. ప్రొటీన్ మారదు, సైటు మాత్రం పోతుంది. పాత పద్ధతిలో ఇందుకు అక్షరం మార్చే మ్యుటాజెనిసిస్ ప్రైమర్లు (పొట్టి డీఎన్ఏ ముక్కలు) వేసుకుని ఇంకో రౌండ్ చేయాలి. ఇక్కడ ఫైల్లో ఒక కీ నొక్కి మళ్లీ ఆర్డర్ పెట్టాను.

ఈసారి ప్లేటు నిండా కాలనీలు. నాలుగు ఏరి, అక్షరాల వరస చదివే సీక్వెన్సింగ్‌కి పంపాను. ఒకటి పంపి ఊరుకోకూడదు, ఎందుకంటే ఈ ముక్కలను కట్టేది రసాయనికంగా చేసిన పొట్టి పోగులతో. అక్షరం అతికే ప్రతిసారీ 99.5 శాతం సఫలమైనా, 200 అక్షరాల పోగుల్లో పూర్తిగా తయారయ్యేవి 37 శాతమే. తర్వాత ఎంత వడపోసినా కొన్ని తప్పులు మిగిలిపోతాయి. నా నాలుగింటిలో ఒకదానికి ఒక బేస్ ఎగిరిపోయింది, మూడు సరిగ్గా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నిన్న సాయంత్రం గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టాను.