వణికింది నా చెయ్యి కాదు, పలచనైంది పాలు

కాళహస్తిలో కలంకారీ, అంటే గుడ్డ మీద వెదురు కలంతో బొమ్మలు గీసి రంగులు నింపే పని, నేర్చుకుంటున్నాను. అంతా వచ్చేసిందని అనను గానీ కసిమితో, అంటే గీతలు గీసే నల్లరంగుతో, గీత నిలబెట్టడం మాత్రం వచ్చింది. దానికోసం పడ్డ అవమానం ఇంకా మండుతూనే ఉంది. చల్లారకముందే రాసేస్తున్నా.

చేరడానికి ముందు ప్రభుత్వ శిక్షణ ఏమైనా ఉందేమోనని ఒక ఆఫీసుకు వెళ్లాను. శ్రీకాళహస్తి 2022 ఏప్రిల్‌లోనే చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. అక్కడి గుమాస్తాకు ఆ కబురు అందినట్టు లేదు, చిత్తూరులో అడగమన్నాడు. చిత్తూరులో అడిగితే తిరుపతిలోనే అన్నారు. మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు. ఫీజు కట్టి ఒక ప్రైవేటు వర్క్‌షాపులో చేరిపోయాను. తిరుపతి నుంచి బస్సులో వెళ్లి రావడమే.

గుడ్డకున్న గంజి పోయేలా ఉతకడం, చింత బొగ్గుతో బొమ్మ గీసుకోవడం ఇట్టే వచ్చేశాయి. వెదురు పుల్ల కొస చెక్కి, కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం తయారు. ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొసకు దిగుతుంది. ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేదే కసిమి. ఆ కంపుకు అలవాటు పడాల్సిందే. గుడ్డకు ముందే పట్టించిన కరక్కాయ వగరు తగలగానే గీత నల్లబడుతుంది.

నా గీత నల్లబడింది, నల్లబడి పాకింది. అమ్మవారి కనుబొమ్మ గీస్తే గొంగళిపురుగు అయి కూర్చుంది. మాస్టారు చూసి, పక్కన ఫ్యాషన్ డిజైనింగ్ పిల్లలంతా వింటుండగా, "మేడమ్, మీకు చెయ్యి వణుకుతోంది. వయసు కదా" అన్నారు. పిల్లలు తలలు వంచుకుని నవ్వుకున్నారు. రిటైరయ్యే దాకా బడిలో డ్రాయింగ్ చెప్పిన చెయ్యి ఇది. బ్లాక్‌బోర్డు మీద ఒక్క ఊపులో గుండ్రంగా సున్నా చుట్టి చూపించేదాన్ని, కావాలంటే నా పిల్లల్ని అడగండి. ఆయన నన్ను మళ్లీ బొగ్గుతో అడ్డగీతలు, నిలువుగీతలకు దింపారు. ఇంటికొచ్చి గ్లాసు నిండా నీళ్లు పోసి చేత్తో పట్టుకుని చూసుకున్నాను. చుక్క ఒలకలేదు. అయినా అనుమానం పోలేదు, బీపీ మాత్రలు కూడా డాక్టరుకు చూపించుకున్నా.

మళ్లీ కసిమి పట్టినా అదే తంతు. ఒక మూల గీత దారంలా నిలుస్తుంది, జానెడు పక్కన అదే చేత్తో గీస్తే ఊరుతుంది. చెయ్యి మూలమూలకు మారుతుందా? అడిగితే "ప్రాక్టీసు" అన్నారు. ఈ ఒక్క మాటతో ఎంతమంది మాస్టార్లు తప్పించుకుంటున్నారో!

ఆఖరికి చెప్పింది రంగులు నింపే అక్క. రోజుకూలికి వస్తుంది, ఆమెను ఎవరూ మాస్టారు అనరు. నా గుడ్డ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "నీ చెయ్యి కాదక్కా, పాలు తక్కువైనాయి. నీళ్లు కలిపినారు" అంది. కరక్కాయ పొడిని పచ్చి బర్రెపాలలో కలిపి గుడ్డను నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. పాలలోని కొవ్వే రంగు పాకకుండా ఆపుతుంది. మా వర్క్‌షాపులో పాకెట్ పాలు, అందులోనూ నీళ్లు. పైగా గుడ్డంతా సమంగా తడవలేదు. ఇది 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి ఊరు. ఇక్కడ కూర్చుని పాల దగ్గర పిసినారితనమా!

నేను మా వీధిలో బర్రెలున్న ఇంటి నుంచి పాలు తెచ్చుకుని, అక్క చెప్పిన కొలతతో ఇంట్లోనే గుడ్డ తయారుచేసుకున్నాను. కనుబొమ్మ కత్తిరించినట్టు వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఆ పిల్లల ముందే టేబుల్ మీద పరిచాను. మాస్టారు చూసి "ప్రాక్టీసు చేశారన్నమాట" అన్నారు. ఫ్యాషన్ పిల్లలు మాత్రం నా గుడ్డలో ముక్క కత్తిరించి ఇమ్మని వెంటపడ్డారు. ఇచ్చాను.

మీరు చేరాలనుకుంటే ఫీజు కట్టకముందే వాళ్ల గుడ్డ ఒకటి అడిగి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, పాలవాసన తెలియాలి. మూలన కసిమి చుక్క వేయించండి. పాకితే లేచి వచ్చేయండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గుడ్డ ఆరదు, ఆ నెలల్లో చేరొద్దు. షాపుల్లో కలంకారీ పేరుతో అమ్మే ప్రింటు చీరలు చూసి ఇదేదో నెలలో వచ్చేస్తుందనుకునేవాళ్లు అసలే చేరొద్దు.

ఇప్పుడు ఎరుపు దగ్గర ఉన్నాను. ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు రాసి, ఆరాక పారే నీళ్లలో జాడించాలి. మిగిలిన పటిక పోకపోతే ఎర్రరంగు నీళ్లలో ఉడకబెట్టినప్పుడు ఎరుపు గుడ్డంతా అంటుకుంటుంది. స్వర్ణముఖిలో నీళ్లు ఉన్నప్పుడు చూసి అక్కను వెంటబెట్టుకెళ్తా. ఆ రోజు కూలి నేనే ఇస్తానని చెప్పాను, ముందు వద్దంది, తర్వాత ఒప్పుకుంది.