సెటిల్‌మెంట్ మనిషి కథ రాయడానికి రెండేళ్లు పట్టింది: నా అనుభవం

పది ఎపిసోడ్ల క్రైం థ్రిల్లర్ ఒకటి రాశాను, ఫోన్‌లో వినే ఆడియో సిరీస్. మొదటి డ్రాఫ్ట్ రెండు నెలల్లో అయిపోయింది. దాన్ని నలుగురూ నమ్మేలా చేయడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది. ఇలాంటివి రాయాలనుకునే వాళ్లు కొందరు నన్ను అడుగుతున్నారు కాబట్టి ఎక్కడ ఇరుక్కున్నానో, ఎలా బయటపడ్డానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లయింది, ఎలక్ట్రానిక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం, ఉండేది బీటీఎం లేఅవుట్‌లో. 2023లో ఇల్లు మారాం. ఇక్కడ అద్దెకు దిగాలంటే పది నెలల అద్దె అడ్వాన్స్‌గా ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు, మేమూ పాత ఇంట్లో అట్లాగే రెండు లక్షలు కట్టి దిగాం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఉంది, కానీ అది నమూనా చట్టం, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి బలం. ఖాళీ చేసేటప్పుడు ఓనర్ పెయింటింగ్ అన్నాడు, బాత్రూంలో ట్యాపులన్నాడు, ఇంకేవో లెక్కలు చూపించి అరవై వేలు పట్టుకున్నాడు. ఆఫీసులో చెప్పుకుంటే పక్క టీమ్ అతను గొంతు తగ్గించి, "నాకు తెలిసినోడు ఒకడున్నాడు, పది వేలిస్తే వాడే వెళ్లి మాట్లాడి తెచ్చిపెడతాడు" అన్నాడు. వద్దన్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ "తెలిసినోడు" ఓనర్ గేటు ముందు బండి ఆపి నిలబడినట్టు, ఓనర్ ముఖం పాలిపోయినట్టు ఒకటే ఊహ. లేచి ఆ సీన్ రాసేశాను. మొదటి ఎపిసోడ్ అదే.

నా హీరో పేరు ఓబులేసు. మా వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మనిషి. అడ్వాన్స్ ఇవ్వని ఓనర్లు, ఒకే సైటును ముగ్గురికి అమ్మినోళ్లు, చీటీ పాడి పారిపోయినోళ్లు, ఇట్లాంటి గొడవలు డబ్బు తీసుకుని తేలుస్తాడు. ఎట్లా తేలుస్తాడంటే కొట్టి. ఎపిసోడ్‌కి ఒక గొడవ, ఒక దెబ్బలాట, చివర్లో ఒక డైలాగు. రాస్తున్నంతసేపూ నాకు చాలా హాయిగా ఉండింది, ఆ మాట దాచుకోను.

ఒక ఆడియో సంస్థకు పంపాను, వద్దన్నారు. ఇంకో సంస్థ నుంచి జవాబే లేదు. అప్పుడు హిందూపురం అమ్మాయి ఒకామె, మేయో హాల్ కోర్టుల్లో జూనియర్ లాయరు, నాకు చెల్లెలి లాంటిది, ఆమెకు చదవమని ఇచ్చాను. వారం తర్వాత ఫోన్ చేసి, "అక్కా, నీ ఓబులేసు మూడో ఎపిసోడ్‌కే లోపల ఉండాలి, పదో ఎపిసోడ్ దాకా బయట ఎట్లా తిరుగుతున్నాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అసలు పని అక్కడ మొదలైంది.

మొదట చట్టం. నేను సినిమాల్లో విన్న సెక్షన్లే రాసుకున్నాను, 307, 506, 384. అవి ఐపీసీ, అంటే పాత శిక్షాస్మృతి అంకెలు. మధ్యలో, 2024 జూలై 1న, దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అంకెలన్నీ మారిపోయాయి. హత్యాయత్నం 109, బెదిరింపు 351, బెదిరించి వసూలు చేయడం 308. మనం తిట్టుగా వాడే ఫోర్ ట్వంటీ కూడా ఇప్పుడు 318. ఇందులో రాసేవాళ్లు జాగ్రత్త పడాల్సిన చిక్కు ఒకటుంది: నేరం ఏ రోజు జరిగిందో ఆ రోజున్న చట్టమే వర్తిస్తుంది. కథ 2022లో జరిగితే పాత సెక్షన్లు, 2025లో జరిగితే కొత్తవి. నా కథ రెండింటి మీదా నడుస్తుంది కాబట్టి ఒక కాగితం మీద ఎపిసోడ్ల వారీగా తేదీలు రాసి గోడకు అంటించుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పాక దెబ్బల సంగతి కూడా నేర్చుకున్నాను. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయం కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా జైలు. పాత చట్టంలో మనిషి ఇరవై రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే, కొత్త దాంట్లో అది పదిహేను రోజులే. మా ఓబులేసు నాలుగో ఎపిసోడ్‌లో ఒకడి మోచెయ్యి విరిచి "ఇది శాంపిల్" అంటాడు. ఆ శాంపిల్‌కి ఏడేళ్లు. నన్ను అన్నింటికంటే ఆపిన విషయం ఇంకొకటుంది, డబ్బిచ్చి కొట్టించినవాడికీ కొట్టినవాడితో సమానంగా శిక్ష పడుతుంది, ప్రేరేపణ కింద, సెక్షన్ 49. అంటే ఆ రోజు నేను పక్క టీమ్ అతనికి సరేనని ఉంటే పది వేలు ఇచ్చిన పాపానికి నేనూ అదే వరసలో నిలబడేదాన్ని. నా డ్రాఫ్ట్‌లో ఓబులేసు దగ్గరికి వచ్చినవాళ్లు పని అయ్యాక థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు, మళ్లీ కనపడరు. ఒక్కరికైనా ఈ భయం లేదు. కథలో అంత పెద్ద గొయ్యి ఉందని నాకు తెలియనే లేదు.

ఇంకో దెబ్బ, ఏడో ఎపిసోడ్ ప్లాట్ మొత్తం "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అని పోలీసులు తిప్పి పంపడం మీద నడిచేది. కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరమైతే, అది ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్లో కూడా పంపొచ్చు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎపిసోడ్ మొత్తం తీసేసి మళ్లీ రాశాను. మూడు వారాల ఆదివారాలు కబ్బన్ పార్కులో ఎర్ర రంగు లైబ్రరీ ఉంది కదా, అక్కడ కూర్చుని.

భాష కూడా. నేను అలవాటు కొద్దీ వేటకొడవలి అని రాశాను. మండ్య నుంచి వచ్చిన మా ఆఫీసు డ్రైవరన్న విని, ఇక్కడ అట్లా ఎవరూ అనరు, "లాంగు, మచ్చు" అంటారని చెప్పాడు. అప్పటినుంచి ఓబులేసు మాటల్ని మార్చాను. ఇంట్లో రాయలసీమ తెలుగు, బయట కన్నడం, రెండూ కలిసిన బెంగళూరు తెలుగు. ఈ ఊళ్లో అందరూ రోజుకు పదిసార్లు అనే "స్వల్ప అడ్జస్ట్ మాడి", అంటే కొంచెం సర్దుకోండి, అన్న మాటనే అతని నోట బెదిరింపుగా పెట్టాను. నా సిరీస్‌లో నాకు బాగా ఇష్టమైన మాట అదే.

తర్వాత, సెలవు పెట్టినప్పుడల్లా మేయో హాల్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. మామూలుగా కోర్టు హాల్లో ఎవరైనా కూర్చోవచ్చు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి మాట్లాడకుండా ఉంటే చాలు. అక్కడ ఒక పెద్దాయన్ని మూడుసార్లు చూశాను. ప్లాస్టిక్ కవర్లో ఫైలు, దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని ఉంటాడు, పేరు పిలుస్తారు, లేస్తాడు, ఇంకో తేదీ ఇస్తారు, కూర్చుంటాడు. మూడోసారి కూడా వాయిదానే. బయట టీ దగ్గర నిలబడి ఆ తేదీని కవరు మీద పెన్నుతో రాసుకుంటున్నాడు, అంతకుముందు రాసిన తేదీలు వరసగా కింద కనిపిస్తున్నాయి. ఓబులేసు దగ్గరికి వచ్చేది ఎవరో అప్పుడు అర్థమైంది. నేను రాసినట్టు ఆవేశపరులు కాదు. అలసిపోయినవాళ్లు. రెండో ఎపిసోడ్ ఆ కవరుతోనే మొదలవుతుంది.

అయినా ఏదో తక్కువగానే ఉండింది. చట్టం సరిపోయింది, మాటలు సరిపోయాయి, ఓబులేసు మాత్రం ఇంకా సినిమా మనిషే. ఈ మాట మా ఆయనతో అంటే, "నువ్వు అట్లాంటి మనిషిని నిజంగా ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. లేదని చెప్పబోయి ఆగాను. చూశాను.

నాకు పదకొండేళ్లు అప్పుడు. మా నాయన టమోటా మండీలో ఇంకొకాయనతో భాగస్వామ్యంగా వ్యాపారం చేసేవాడు. లెక్కల్లో తేడా వచ్చింది, తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు, నాయన మాత్రం సంతకం పెట్టనని పట్టుబట్టాడు. ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు వచ్చారు. తెల్ల చొక్కాలు, ఒకాయన మెడలో తువ్వాలు. చెప్పులు బయట విప్పి వచ్చి కూచున్నారు. "అన్నా, బాగుండావా" అని పలకరించారు. వానలు పడలేదని, మండీలో ధర పడిపోయిందని మాట్లాడుకున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. తువ్వాలాయన ఒక గుక్క తాగి, నవ్వుతూ, "ఇంకొంచెం చక్కెర వెయ్యి వదినా" అన్నాడు. అమ్మ వేసింది. తర్వాత ఆయన నా వైపు, మా అక్క వైపు చూసి, "ఏ క్లాసు అమ్మా మీరు? ఏ బడి?" అని అడిగాడు. మేం చెప్పాం. ఆయన నాయన వైపు తిరిగి, "ఆడపిల్లలు ఉండారు, చదువుకుంటా ఉండారు, ఆలోచన చెయ్ అన్నా" అన్నాడు. అంతే. గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు.

మరుసటి రోజు నాయన సంతకం పెట్టాడు. మాకు బడికి పోయే ఆటో మాన్పించారు, ఆరు నెలలు నాయనే దింపేవాడు. ఆయన ఆ తర్వాత మండీకి పోలేదు.

ఇరవై ఐదేళ్లకు పైగా నేను దీని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. పది ఎపిసోడ్లు అట్లాంటి మనిషిని హీరోగా చేసి రాశాను, ఒక్కసారి కూడా ఆ సాయంత్రం గుర్తు రాలేదంటే నాకే వింతగా ఉంది. ఆ వారం ఏమీ రాయలేకపోయాను.

తర్వాత పది దెబ్బలాటల్లో ఎనిమిది తీసేశాను. ఆరో ఎపిసోడ్ పద్దెనిమిది నిమిషాలు, అందులో ఓబులేసు ఒక ఇంట్లో కాఫీ తాగి వెళ్లిపోతాడు, ఇంకేమీ జరగదు. ఉన్న రెండు దెబ్బల్లోనూ దెబ్బ తిన్నవాడితోనే సీన్ వెళ్తుంది. కొట్టడం పది సెకన్లు, ఆ తర్వాత ఆటోలో విక్టోరియా ఆసుపత్రికి వెళ్లడం, క్యాజువాలిటీలో డాక్టరు ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు వెళ్లే గాయాల కాగితం, రాయడం, ఎవరు కొట్టారంటే "బండి మీంచి పడ్డాను" అని చెప్పడం, డాక్టరు తలెత్తి అతన్నే చూడటం, ఇదంతా పదకొండు నిమిషాలు. ఆ దెబ్బల దగ్గర్నుంచి ఓబులేసును ఇష్టపడటం కష్టమవుతుంది. మా ఆఫీసులో విన్న ఇద్దరు ఇది నచ్చలేదన్నారు, హీరో డల్ అయిపోయాడన్నారు. నేను మార్చలేదు. థ్రిల్లర్‌లో భయం ఉండాలంటారు కదా, కొట్టేవాడి పక్కన నిలబడి రాస్తున్నంతకాలం నా కథలో భయం లేదు, ఉత్సాహమే ఉంది.

కాగితం పని గురించి తొందరగా చెబుతాను. ఎవరికైనా పంపేముందు కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేసుకోండి, ఆన్‌లైన్లోనే అవుతుంది, స్క్రిప్టు సాహిత్య రచన కిందికి వస్తుంది, ఫీజు ఐదు వందలు. కట్టగానే డైరీ నంబరు వస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని ముప్పై రోజులు ఆగుతారు, ఆ తర్వాతే పరిశీలన. రిజిస్ట్రేషన్ లేకపోయినా రాసిన క్షణం నుంచి హక్కు మనదే, కానీ తేదీతో ఒక రుజువు ఉండటం మంచిది. నేను మొదటి డ్రాఫ్ట్‌ను ఏమీ చేయకుండానే రెండు చోట్లకు పంపేశాను, మీరు అట్లా చేయొద్దు.

ఈ ఏడాది ఒక చిన్న ఆడియో బృందం తీసుకుంది. ఆరో ఎపిసోడ్ రికార్డింగ్ వచ్చిన రోజు రాత్రి అమ్మకు వాట్సాప్‌లో పంపాను, ఏమీ చెప్పకుండా. నాయన లేడిప్పుడు. పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఆ చక్కెర సంగతి నీకు గుర్తుందా పాపా?"

ఉందన్నాను.

"ఆ రెండు గ్లాసులూ మరుసటి రోజే పాతసామాన్లోడికి వేసేసినా. మీ నాయనకు చెప్పలేదు" అంది. ఆ తర్వాత, ఆరో ఎపిసోడ్‌లో ఆ ఇంటామె కాఫీ గ్లాసులు కడిగి బోర్లించిందని రాశావు, అట్లా కాదు, మార్చు అంది. రికార్డింగ్ వాళ్లను బతిమాలి ఆ ఒక్క వాక్యం మళ్లీ చెప్పించాను.